మస్తానప్ప పచ్చ పుస్తకం

జమ్మలమడుగు,
19-5-1998.

ఆదెన్నకు,

నువ్వు ఇచ్చిన టెలిగ్రాము నాలుగు ముక్కలు. బావ పోయాడు, పూడ్చేశారు. పోస్టుమాను చదివి చెప్పాక ఇంకేమీ లేదా అని అడిగితే, పాపం, ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. పద్నాలుగేళ్ళు కాపురం చేసినదానికి ఆ మాత్రం చాలనుకున్నావు కాబోలు.

పీర్ల పండగ ముగిసి, పీర్లు ఏటికి పోయిన మర్నాడు అందింది ఆ టెలిగ్రాము. మా అత్త వెంకటసుబ్బమ్మ ఆ పండక్కే పులివెందుల పక్కన తన పుట్టినూరికి పోయి ఉంది. నీకు తెలిసిందే కదా, ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే ఆ ఊరి పీర్లసావిట్లో మొక్కుకుంది. నాలుగోవాడు నిలిస్తే మస్తాన్ స్వామి పేరే పెట్టుకుంది. మా మామ ఫకీరప్ప పేరూ అట్లాంటి మొక్కుదే. ఈ యేడు కూడా కొడుకు చల్లగా ఉండాలని పీరుకు పూలదండ వేసి, చక్కెర చదివించి, ఊదు బూడిద పొట్లం కట్టుకుని బస్సు దిగింది. దిగిన చోటే నేను చెప్పాల్సి వచ్చింది. ఆ పొట్లం ఇంకా ఆమె కొంగుముడిలోనే ఉంది, విప్పదు, పారేయదు.

దినాలు జరిపించాము. మనవాళ్ళంతా వచ్చి, శవం లేని దినాలకు కూర ఎందుకు దండగ అన్నట్టు మొహాలు పెట్టి, రెండేసి సార్లు వడ్డించుకుని పోయారు.

మనం కాల్చేవాళ్ళం కాదు, పూడ్చేవాళ్ళమే. అందుకని పూడ్చారంటే నాకు కొత్త లేదు. ఎవరు పూడ్చారు అన్నదే నేను అడుగుతున్నది. నువ్వు మూడు పిడికిళ్ళ మన్ను వేశావా? తల దక్షిణానికి పెట్టించావా? ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, గొర్రెల వెంట పోయినవాడు, ఎట్లా పోయాడు? మీరిద్దరూ ఒకే దొడ్లో పనికి ఉన్నారు కదా. పెద్దది లక్ష్మీదేవి రోజూ అడుగుతోంది, మామ ఏం రాశాడని. వసంతకు ఇంకా ఏమీ అర్థం కాలేదు, వాళ్ళ నాయన పంపిన గౌను వేసుకుని తిరుగుతోంది.

ఉన్నది ఉన్నట్టు రాయి. నన్ను ఓదార్చే పని పెట్టుకోకు, దానికి ఇక్కడ శానామంది ఉన్నారు.

అక్క,
తిరుపాలమ్మ.


హాయిల్ దగ్గర, సౌదీ,
15-6-1998.

అక్కకు,

నీ జాబు నూరుల్లా తెచ్చి ఇచ్చాడు. అదే, మన షాహీదత్త కొడుకు. ఇక్కడ లారీల ఆఫీసులో ఉన్నాడు. అరబ్బీ బాగా వచ్చు కాబట్టి మన జిల్లావాళ్ళందరికీ వాడే నోరు. ఇకమీదట నీ జాబులు వాడి పేరు మీదే రాయి, నేను ఒక చోట ఉండడం లేదు.

ఇక్కడ చెట్టు లేదు. గొర్రెలకు నీళ్ళు తెచ్చే ట్యాంకరు నీడే నీడ. ఆ మధ్యాహ్నం బావ దాని వెనక చక్రాల దగ్గర పడుకున్నాడు. డ్రైవరు చూసుకోలేదు, వెనక్కి తీశాడు. బావకు నొప్పి తెలిసేంత టైము కూడా లేదు, ఆ మాట నేను చెప్పగలను. డ్రైవరును ఆ పూటే పోలీసులు పట్టుకుపోయారు. వాడూ పొట్టకూటికి వచ్చినవాడే, కావాలని చేసింది కాదు.

మన్ను నేను వేయలేదు. ఆ రోజు నన్ను వేరే చోటికి తీసుకుపోయారు. నూరుల్లా, ఇంకా నలుగురు సాయిబులు కలిసి నమాజు చదివి సాయిబుల శ్మశానంలో పూడ్చారు. ఎందుకంటే బావ ఇకామా, అంటే ఇక్కడ ఉండడానికి సర్కారు ఇచ్చే పుస్తకం, పచ్చ అట్టది. ముస్లిములకు పచ్చ, మిగతావాళ్ళకు గోధుమ రంగు. ప్రొద్దుటూరు ఏజెంటు పేరు మస్తాన్, తండ్రి ఫకీరప్ప అని చూసి, అడక్కుండానే ముస్లిం అని రాసి పంపాడు. నాది గోధుమ రంగు.

ఇప్పుడు నేను రాసేది జాగ్రత్తగా చదువు. ఇక్కడి చట్టంలో ప్రమాదమైనా సరే, చంపినవాడు చచ్చినవాడి వారసులకు రక్తపు సొమ్ము కట్టాలి. ముస్లిం మగవాడికి లక్ష రియాళ్ళు, మన లెక్కలో పదకొండు లక్షలు. క్రైస్తవుడికి అందులో సగం. మనబోటివాళ్ళకు ఆరువేల ఆరువందల చిల్లర, అంటే పదిహేనో వంతు. ఇంకొకటి ఉంది. ముస్లిం సొమ్ము ముస్లిం కాని వారసులకు రాదు. బావ ముస్లిమేనని తేలితే ఆ లక్ష సర్కారు ఖజానాకు పోతుంది, నీకూ పిల్లలకూ ఒక్క రియాలు రాదు. అందుకని ఎమ్మార్వో ఆఫీసులో ఆయన హిందువనీ, మీరు వారసులనీ కాగితం తీసుకుని పంపు. నిజం రాయిస్తే చాలు. ఆలస్యం చేయకు, సొమ్ము తేలేదాకా ఆ డ్రైవరును వదలరు.

అత్తకు నా దండాలు చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదు.

నీ తమ్ముడు,
ఆదెన్న.


జమ్మలమడుగు,
12-7-1998.

ఆదెన్నకు,

నీ జాబు మూడుసార్లు చదివాను. మనలాంటివాళ్ళు పదిహేనుమంది చస్తే ఒక సాయిబుకు సమానమన్నమాట. మన సంతలో పొట్టేలును తూకం వేసి ధర కడతారు, అది ఎవరి మందలోదని అడగరు. ఈ చట్టం రాసినవాళ్ళు ఒకసారి మన సంతకు వచ్చి పోవాల్సింది.

సరే, అది వాళ్ళ దేశం. మనింటి సంగతికి వస్తాను. మూడేళ్ళు ఆ పచ్చ పుస్తకం జేబులో పెట్టుకుని తిరిగినవాడికి దాని రంగు తెలియదా? మూడేళ్ళలో ముప్పై జాబులు రాశాడు. పొట్టేలుకు మందు వేయించావా అని రాశాడు, వసంత పన్ను ఊడిందా అని రాశాడు. నేను సాయిబునని రాయలేదు. అక్కడ ఇంకొక సంసారం పెట్టుకున్నాడా? ఉంటే చెప్పు. ఏడ్చేది ఎట్లాగూ ఏడుస్తున్నాను, దానితో పాటు ఇదీ ఏడుస్తాను.

ఊర్లో ఈ సంగతి గుప్పుమంది. మొదట ఓబయ్య వచ్చాడు, మన పక్క నాయకుడికి కుడిచెయ్యి అని చెప్పుకునే ఓబయ్యే. "చూడు తిరుపాలమ్మా, నీ మొగుడు సాయిబే, నువ్వూ సాయిబుల కోడలివేనని ప్రొద్దుటూరులో కాయితం పుట్టిస్తా. లచ్చ రియాళ్ళు వస్తాయి. మూడోవంతు నాకు. నాయకుడు నీకు ఇప్పిచ్చినాడని రేపు ఓట్లప్పుడు సాయిబుల ఈదిలో చెప్పుకుంటాం, అంతే" అన్నాడు. వాడు పోయిన సాయంత్రమే ఎదుటి పక్కవాళ్ళు జీపులో దిగారు. "మన హిందూ పీనుగను తురకల గోరీల్లో పెట్టినారని ధర్నా చేద్దాం, నువ్వొచ్చి ముందర కూచోవల్ల" అన్నారు. ఒక పక్కవాళ్ళకు నా మొగుడు సాయిబు కావాలి, ఇంకో పక్కవాళ్ళకు హిందువు కావాలి. మనిషి మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

నీ మీద నాకొక అనుమానం ఉంది, దాచుకోను. నీ జాబులో బావ గురించి ఎంత ఉందో ఆ డ్రైవరు గురించి అంత ఉంది. పదకొండు లక్షలు వచ్చే దారి ఉంటే డెబ్భై వేలకు సర్దుకోమని సొంత తమ్ముడు ఎందుకు అంటాడు? వాడి తరపువాళ్ళు నీకేమైనా ముట్టజెప్పారా? కొండాపురంలో నాయనను చంపినప్పుడు ఏం జరిగిందో నువ్వు మర్చిపోయి ఉంటావు, నీకప్పుడు ఆరేళ్ళు, అమ్మ నిన్ను గంప కింద దాచింది. నాకు పదకొండు. నరికినవాడు పరాయివాడు కాదు, మన పెదనాన్న కొడుకు. రెండెకరాలకు రాజీ చేసి, కోర్టులో అమ్మ చేత, నా చేత చూడలేదని చెప్పించారు. నల్లకోటాయన అడిగితే నేను ఆ మనిషి మొహం చూస్తూనే చూడలేదన్నాను. ఆ రెండెకరాల వేరుశనగ తిని పెరిగినవాళ్ళం మనం. మళ్ళీ ఆ పని నా చేత చేయించకు.

అక్క,
తిరుపాలమ్మ.


హాయిల్ దగ్గర,
5-8-1998.

అక్కకు,

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. బావను అనకు. ఆయనకు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు, నా కళ్ళ మీద ఒట్టు.

పచ్చ పుస్తకం సంగతి వచ్చిన మొదటి వారమే తెలిసింది. ఆఫీసుకు పోయి మార్పించుకుందామని నేను అంటే, "పేరు పెట్టింది పీరు గదరా. మా యమ్మ మొక్కు ఈ రూపంగా తీరతాండాది, ఉండనీలే" అన్నాడు. మార్పిస్తే తప్పు రాయించినందుకు ఊరికి పంపేస్తారని భయం కూడా ఉంది. నీకు రాస్తే నువ్వు తిడతావని రాయలేదు. రంజాను నెలలో మా దొడ్లోవాళ్ళతో పాటు పస్తులున్నాడు. ఎందుకు బావా అంటే, "దినామూ ఒకే పళ్ళెంలో తింటాండామే, పస్తు మాత్రం వాళ్ళే ఉండాల్నా?" అన్నాడు. పొద్దున్నే లేచి తిరుపతి కొండ ఎటువైపు ఉంటుందో లెక్క వేసుకుని దండం పెట్టుకునేవాడు. ఆయన సంగతి ఇంతే. ఇందులో ఏది హిందువో ఏది ముస్లిమో నాకు తెలియదు.

కోర్టులో మొన్న అడిగారు, ఈ మనిషి ఏ మతమని. నేను చెప్పబోతే నా మాట రాసుకోలేదు, నా మాట ఇక్కడ చెల్లదట. నూరుల్లాను ప్రమాణం చేయమన్నారు. వాడు బావ హిందువేనని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. మా దేశంలో మేము పాటించే హనఫీ పద్ధతి కితాబుల్లో ముస్లిం అయినా కాకపోయినా రక్తం ధర ఒకటే అని ఉంది, ఇతనికీ లక్ష ఎందుకు కట్టకూడదని అడిగాడు. కాజీ కోప్పడలేదు. మీ పద్ధతి అది, మా పద్ధతి ఇది, ఇంటి నుంచి కాగితం తెప్పించు అన్నాడు. పాపం వాడు నాకోసం ఉద్యోగం మీదికి తెచ్చుకునేటట్టున్నాడు.

ఓబయ్య కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. నువ్వు పెడితే ఒక ప్రాణం లోపలే ఉండిపోతుంది. లక్ష కట్టే స్తోమత ఆ డ్రైవరుకు ఏడు జన్మలకు లేదు, ఈ గొర్రెల యజమాని సేటు తనకు సంబంధం లేదనేశాడు. నాకు ఎవరూ ఏమీ ముట్టజెప్పలేదు. ఇంతకు మించి నన్ను అడగకు.

తమ్ముడు,
ఆదెన్న.


జమ్మలమడుగు,
30-8-1998.

ఆదెన్నకు,

నీ జాబు నిన్న అందింది. నేను మొన్ననే సంతకం పెట్టాను.

ఓబయ్య జీపులో ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. నోటరీ ఆఫీసులో నాకు ఒక పేరు పెట్టారు, ఆ పేరు రాయడానికి నా చేయి రాదు. నిఖా జరిగినట్టు ఒక తేదీ, ఇద్దరు సాక్షులు. వాళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు, వాళ్ళు నన్ను చూడలేదు. పిల్లలకు కూడా పేర్లు మార్చారు. లక్ష్మీదేవి నా పక్కనే నిలబడి అంతా చదివింది, ఎనిమిదో తరగతి కదా. "అమ్మా, ఇది మనం కాదు గదా" అంది. నోరు మూసుకోమన్నాను. అన్నాక నాకు ఆ నల్లకోటాయన గుర్తొచ్చాడు. అయినా సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో చెబుతాను విను. డెబ్భై వేలు ఈ ఇద్దరు పిల్లలు ఇల్లు దాటే లోపల అయిపోతాయి. రెండేళ్ళుగా వాన లేదు, మందలో పదకొండు జీవాలే మిగిలాయి. నా మొగుడికి పదిహేనో వంతు ధర కట్టే చట్టాన్ని నేను మోసం చేస్తే నాకేం పాపం? తూకంలో రాయి వాళ్ళు మార్చారు, నేను తిరిగి మార్చాను.

ఆ డ్రైవరు కట్టలేడని రాశావు. కట్టలేకపోతే కుళ్ళనీ. వాడి పెళ్ళాం పిల్లలు కూడా నా మాదిరే జాబుల కోసం గుమ్మంలో కూర్చోనీ. నువ్వు వాడి తరపున మళ్ళీ ఒక్క ముక్క రాస్తే నాకు తమ్ముడు లేడనుకుంటాను.

నూరుల్లా గదిలో ఉండే అలీ అహ్మద్ సెలవు అయిపోయి పోతున్నాడు, కాగితం అతని చేతికిచ్చాము.

తిరుపాలమ్మ.


హాయిల్,
22-9-1998.

అక్కా,

ఆ డ్రైవరు నేనే.

ఈ ఒక్క మాట రాయడానికి నాకు నాలుగున్నర నెలలు పట్టింది. ఇదివరకటి జాబులన్నీ జైల్లో నుంచి రాసినవే. అందుకే నూరుల్లా అడ్రసు ఇచ్చాను. ఆ టెలిగ్రాము కూడా నా పేరుతో వాడే ఇచ్చాడు.

అసలు డ్రైవరు జ్వరంతో పడుకుంటే సేటు నన్ను తీయమన్నాడు. నాకు లైసెన్సు లేదు, ఊర్లో ట్రాక్టరు తోలినవాణ్ణి. బావ అన్నం తిని దొడ్డి వైపు పోయాడనుకున్నాను. గేరు వేసి వెనక్కి తీశాను. చక్రం ఎత్తుకుంటే రాయి అనుకున్నాను అక్కా. దిగి చూస్తే ముందు ఆయన తలగుడ్డ కనబడింది, నువ్వు పంపిన ఎర్ర అంచుది. తర్వాత నేను ఏం చేశానో నాకు తెలియదు. మిగతావాళ్ళు చెప్పింది, గొర్రెల తొట్టిలో నీళ్ళు చేతులతో తెచ్చి ఆయన మొహం మీద పోస్తూ ఉన్నానట. పోలీసులు వచ్చేదాకా పోస్తూనే ఉన్నానట. నన్ను తీసుకుపోయారు, ఆయనను వాళ్ళు పూడ్చారు.

నీకు ఎట్లా రాయాలి? నాయనను దాయాది నరికాడు. నీ మొగుణ్ణి నేను. మన ఇంటికి బయటి శత్రువు అక్కర్లేదు.

నీ కాగితం వచ్చింది. అలీ అహ్మద్ దాన్ని నూరుల్లాకు ఇచ్చాడు. నూరుల్లా జైలుకు వచ్చి, "ఇది తిరుపాలక్క కాయితం. ఆయమ్మ చెప్పేదాకా నేను చింపను, కోర్టుకూ ఇయ్యను. ఇయ్యమంటే ఇస్తా, మళ్ళీ ప్రమాణం మాత్రం చెయ్యను, ఆయన హిందువని ఒగసారి చెప్పినా" అన్నాడు. చింపనన్నందుకు వాణ్ణి నేను తిట్టాను కూడా, చివరికి వాళ్ళ దేవుడే వాడికి ముఖ్యమని. తిట్టిన రాత్రంతా సిగ్గుపడ్డాను. వాడి మాట అబద్ధమైతే నాకు ఈ దేశంలో నిజం చెప్పేవాడే లేడు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నది ఇది. ఆ కాగితం కోర్టుకు పోతే లక్ష. నేను కట్టలేను, ఇక్కడే ఉంటాను. హిందువని కాగితం వస్తే ఆరువేల ఆరువందలు. అందులో నీ వంతు, అత్త వంతు మీరు క్షమించి వదిలేయొచ్చు, ఆ హక్కు వారసులకు ఈ చట్టంలోనే ఉంది. పిల్లల వంతు మాత్రం ఎవరూ వదలడానికి లేదు, తల్లికి కూడా హక్కు లేదట. అది నేను కట్టాలి, కడతాను.

వదిలేయమని నేను అడగడం లేదు. నేను అడగదగ్గ మనిషిని కాదు.

ఆదెన్న.


జమ్మలమడుగు,
8-11-1998.

ఆదెన్నకు,

నీ జాబును పోస్టులో వేయకుండా, ఊరికి వచ్చేవాళ్ళ చేత నూరుల్లా వాళ్ళ అమ్మకు పంపాడు. షాహీదత్త అది తెచ్చి, తలుపు వేసి, నేను చదివేదాకా నా పక్కనే కూర్చుంది. చదివాక నేను ఏమన్నానో రాయను. వారం రోజులు ఇంట్లో నీ పేరు ఎత్తనివ్వలేదు. డ్రైవరు పెళ్ళాం పిల్లలు గుమ్మంలో కూర్చోనీ అని రాశానే, ఆ గుమ్మంలో కూర్చుని ఉన్నది నేనే.

షాహీదత్త రోజూ వచ్చేది. ఒక రోజు నేను ఆమె మీద విరుచుకుపడ్డాను, మీ చట్టంలో మేము పదిహేనో వంతు మనుషులమా అని. ఆమెకు కోపం రాలేదు.

"ఆ దేశంలో మనిషికి ఇంత అని కితాబులో రాసి పెట్టినారు, తప్పే. మన జమ్మలమడుగులో రాయకుండానే లెక్కేసినారు గదమ్మా" అంది. "బస్టాండులో మిషను మింద కూచోని గుడ్డలు కుడతాండే మా ఆయన మింద బాంబు పడె. రెండు పక్కలోళ్ళు రాజీకి కూచున్నారు. ఆ పక్క ఇద్దురు, ఈ పక్క ఇద్దురు, చెల్లుకు చెల్లు అనుకున్నారు. గౌస్ మొహిద్దీన్ ఏ పక్క లెక్కలోకీ రాల్యా. మూట బియ్యం, ఒగ చీర పంపిచ్చినారు. ఆ చీర నేను ఈ పొద్దుకూ కట్టల్యా."

ఆమె భర్త పోయిన రోజు నేను ఆ బజారులోనే ఉన్నాను ఆదెన్నా. టైలరు సాయిబు పోయాడంట అనుకుని, ఉప్పు కొనుక్కుని ఇంటికి వచ్చాను. ఆయనకు ఎంత ఇచ్చారని పదేళ్ళలో ఒక్కసారి అడిగినదాన్ని కాదు.

మర్నాడు అత్తకు అంతా చెప్పాను. విని, పొద్దుగూకేదాకా తన పని తను చేసుకుంది. దీపం పెట్టాక, "రేపు ఆపీసుకు పోదాం పా" అంది. షాహీదత్త కూడా మాతో వచ్చింది, సాక్షిగా. గుమాస్తా అన్నీ చూసి, తల్లి వెంకటసుబ్బమ్మ, కొడుకు మస్తాను, ఇదెట్లా కుదురుతుందని అడిగాడు. అత్త కర్ర ఆనించి లేచి నిలబడింది. "పేరు పీరుది సామీ. కొడుకు నాది. రెండూ ఒకటేనని మీ కాయితానికి తెలీకపోతే నేనేం చేసేది" అంది. గుమాస్తా హిందువు అని రాసి, సాక్షి దగ్గర షాహీదాబీ అని సంతకం చేయించుకున్నాడు.

ఆ కాగితం దీనితో పంపుతున్నాను. పాతది నూరుల్లాను చింపేయమను. నా వంతు వదిలేశానని రాసిచ్చాను. ఓబయ్యకు తెలిసి ఇంటి ముందుకు వచ్చాడు. "మన పక్క నుంచి ఆ పక్కకు పోతాండావా ఏంది?" అన్నాడు. నేను ఏ పక్కకూ పోలేదు, మా ఇంట్లోనే ఉన్నానని చెప్పాను. మూడో రోజుకు దొడ్లో రెండు పొట్టేళ్ళు లేవు. స్టేషనుకు పోతే, రాత్రి కాపలా ఉండొద్దా అన్నారు. రాత్రిళ్ళు ఇప్పుడు నేనే కాపలా.

అత్త నిన్ను క్షమించలేదు. "నా వంతుకు దుడ్లొద్దు. వాడు పోయి నా కొడుకు మింద మూడు పిడికిళ్ళ మన్ను ఏసి రావల్ల. వచ్చి నాకు చెప్పవల్ల" అంది. ఆ బూడిద పొట్లం కొంగు నుంచి విప్పి ఇచ్చింది. నూరుల్లాకు పంపుతున్నాము, ఆ మన్నులో కలపాలట.

నేను కూడా క్షమించానని అనుకోకు. కోర్టుకు కావలసిన క్షమాపణ కాగితం మీద ఉంది, తీసుకో. నాకు కావలసింది వేరే. తెలియక చేసినదానికి నిన్ను ఏమీ అనలేను. తెలిసి నాలుగున్నర నెలలు దాచావు, నా చేత నిన్నే తిట్టించావు. పదకొండేళ్ళకు నాకు అబద్ధం నేర్పారు. ప్రొద్దుటూరులో నా బిడ్డకు నేను అదే నేర్పబోయాను. లక్ష్మీదేవి నిజం వినాలి, నా నోటి నుంచి కాదు. దానికి నీ చేత్తో రాయి. రాసేదాకా నా గడప తొక్కొద్దు.

అక్క,
తిరుపాలమ్మ.


హాయిల్,
25-1-1999.

అమ్మా లక్ష్మీదేవీ,

ఈ జాబు నీకే. అమ్మ పక్కన ఉంటే ఉండనీ, నువ్వే చదువుకో. అసలు మాట ముందే రాస్తాను, తర్వాతైతే ధైర్యం చాలదు. మీ నాయన మీదికి ట్యాంకరు ఎక్కించింది నేను. నీ మామను. చూసుకోలేదు. చూసుకోవాల్సింది. ఇంకెవరో డ్రైవరు అని మీ అమ్మకు అబద్ధం రాసింది కూడా నేనే.

రంజాను పండగకు రెండు రోజుల ముందు నన్ను వదిలారు. మీ ఇద్దరి వంతు సొమ్ము నా దగ్గర లేదు. మీ నాయనతో ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు, సూడాను ఆయన ఒకడు, మన చెన్నూరు జిలానీ, ఇంకా పదిమంది, పస్తులుంటూ పోగుచేసి కట్టారు. వాళ్ళకు నేను తిరిగి ఇచ్చుకోవాలి, ఆ తర్వాత సంపాదించేది మీకే. మీ నాయన హిందువని తేలినా, ఆయనను అక్కడి నుంచి కదిలించమని ఎవరూ అనలేదు. పడుకున్నవాణ్ణి లేపడం ఎందుకులే అన్నాడట కాజీ.

అవ్వ చెప్పిన పనికి నిన్న పోయాను. శ్మశానానికి మట్టిగోడ ఉంది, గేటు దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. నా పుస్తకం గోధుమ రంగుది, లోపలికి పోకూడదు. నేను గోడ బయట నిలబడ్డాను. నా చేత్తో మూడు పిడికిళ్ళ మన్ను తీసి నూరుల్లా తువ్వాలులో పోశాను. అవ్వ పంపిన బూడిద పొట్లం విప్పితే నూరుల్లా గేటు వైపు చూశాడు. ఇట్లాంటివి ఈ దేశంలో పాపం కింద లెక్క, ఎవరైనా చూస్తే వాణ్ణి ఊరికి పంపేస్తారు. "మా యమ్మ కూడా పీర్లకు ఊదు ఏస్తాదిలే" అని దాన్ని మన్నులో కలిపి, మూట కట్టుకుని లోపలికి పోయాడు. గోడ మీద నుంచి నాకు వాడి తల కనబడింది. ఒక చోట ఆగి మూడుసార్లు వంగాడు. అక్కడికి నలభై అడుగులు ఉంటుంది. గుర్తు రాయి కూడా లేదు, ఇక్కడ పెట్టరు. అవ్వకు ఇదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా చేతి మన్నే, వేసింది మాత్రం నూరుల్లా. అది చెల్లదంటే, చెల్లదని రాయించు.

ఫిబ్రవరి ఇరవైకి ప్రొద్దుటూరులో దిగుతాను. మీ ఇంటికి రమ్మంటే వస్తాను, వద్దంటే కొండాపురం పోతాను. నన్ను నువ్వు ఏమైనా అడగొచ్చు, ఎన్నిసార్లయినా అడగొచ్చు. నీకన్నా చిన్న ఈడులో మీ అమ్మను కోర్టులో ఒక మాట అడిగితే, చూడలేదని చెప్పించారు. నిన్ను ఎవరైనా మీ నాయన ఎట్లా పోయాడని అడిగితే, మా మామ చేతిలో పోయాడని చెప్పు. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, చెప్పు.

మీ మామ,
ఆదెన్న.